పెరూ పుర్రెలు, కమలవ్వ కట్టు

రుసైల్, మస్కట్
జనవరి 19

అత్తమ్మకు నర్సింగ్ దండాలు.

నీ జాబు అందింది. ఫోన్ చేద్దామంటే నీకు గిట్టదు. ఒక చెవి వినదు, స్పీకర్ పెడితే మన ముచ్చట వాడంతా వింటుంది. కాబట్టి మనకు కాగితమే గతి. నా రాత కాస్త వంకరగా ఉంటే ఏమనుకోకు. ఇక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

“ఉగాది వరకు వచ్చి తాత పీట మీద కూసో, ఇగ నాతోని కాదు” అని రాశావు. నీతో ఏది కాకుండా పోయింది అత్తమ్మా? మొన్న దసరాకి కూడా విరిగిన బర్రె కాలు కట్టి నడిపించావని విన్నాను. నాకు కాంట్రాక్టు అక్టోబర్ దాకా ఉంది. ఆ తర్వాత చూద్దాం.

ఇక్కడ కూడా నేను ఖాళీగా లేను. మా రూముల్లో నా పేరు బొక్కల డాక్టర్. బెణికినా, విరిగినా, జారినా నా మంచం దగ్గరికే వస్తారు. ఈ నెల మొదట్లో శుక్రవారం క్రికెట్ ఆడుతూ మన ఊరి భూమేశ్ కంకర మీద పడ్డాడు. కుడి ముంజేయి, రెండు ఎముకలూ విరిగాయి. నేనే కట్టాను. కోడిగుడ్లు మెస్సులో దొరికాయి, మినుప్పిండి రూవి బజారు నుంచి తెప్పించాను. వెదురు బద్దలు లేవు కాబట్టి ఖర్జూరపు మట్టలు చీల్చి వాడాను. చూసినవాళ్ళంతా శభాష్ అన్నారు. కానీ ఫోర్‌మన్ వినలేదు. బలవంతంగా దవాఖానకు తోలాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

అక్కడ కట్లు కట్టే గదిలో సెలీనా అని నర్సు ఉంది, నరసాపురం అమ్మాయి. నా కట్టు చూసి, “ఇదెవరు కట్టారండీ, ఇంత ముద్దుగా ఉంది, ఇంత వంకరగా ఉంది?” అంది. నేను ఊరుకుంటానా? మా తాతల నాటి విద్య అన్నాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూపించింది. ఎముకలకు వేసే ప్లేట్లూ మరలూ అమ్మే కంపెనీ క్యాలెండర్ అది. నెలకొక బొమ్మ, పెరూ అనే దేశపు పూర్వకాలం వైద్యం మీద. జనవరి బొమ్మ పాత సమాధిలో దొరికిన ఒక పుర్రె. నెత్తి మీద రూపాయి బిళ్ళంత చిల్లు.

ఆ కొండల్లో పూర్వం వడిసెల రాళ్ళతో, గదల్లాంటి కర్రలతో కొట్టుకునేవాళ్ళట. తల పగిలినవాడికి వైద్యుడు పదునైన రాయితోనో కంచు కత్తితోనో ఆ చోట ఎముకను మెల్లగా గీకి గీకి, నలిగిన ముక్కలు తీసేసేవాడట. చిల్లు అంచులు గుండ్రంగా మానాయంటే మనిషి ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికాడని అర్థమట. చివరి రాజుల కాలానికి నలుగురిలో ముగ్గురు బతికారట. మత్తుమందు లేదు, ఎక్స్‌రే లేదు. చూశావా అత్తమ్మా, మనం ఒంటరివాళ్ళం కాదు.

ఒక చిన్న సందేహం. భూమేశ్ అరచేయి పైకీ కిందికీ తిరగడం లేదు. ఏం చెయ్యాలి?

నీ
నర్సింగ్

*

ఎర్రగుంటపల్లె, జగిత్యాల జిల్లా
ఫిబ్రవరి 6

అల్లుడు నర్సింగ్‌కు మీ మేనత్త కమలవ్వ రాసేది.

నాకు మీ లెక్క పుస్తకం భాష రాదు. మాట్లాడినట్టే రాస్త, సదువుకో.

గా పెరూ వోళ్ల ముచ్చట బాగనే ఉన్నది. నలుగుర్ల ముగ్గురు బతికిన్రా? మరి నాలుగోవాని పెండ్లాం ఏమన్నదో రాయలేదా గా క్యాలెండర్ల? మన తాత చేతి కింద ఒక్కడు గూడ సావలేదు. ఎందుకంటె మన తాత తలకాయ ముట్టలేదు. “తల పగిలితె బండి కట్టుండ్రి, బొక్క ఇరిగితె నా దగ్గరికి తెండ్రి” అనేటోడు. ఏది మనది, ఏది మనది కాదో ఎరుక ఉండుడే వైద్యం.

అయినా గా పుర్రె సంగతి మొన్న గంగాధర్ పటేల్‌కు చెప్పిన. నా కట్టు మీద నమ్మకం లేనట్టు మొఖం పెట్టిండు. “పెరూల గూడ గిట్లనే చేస్తరు” అన్న. కిక్కురుమనకుండ కాలు చాపిండు.

భూమేశ్ చేయి తిరుగుతలేదంటె నువ్వు మట్టలు సరిగ పెట్టలేదన్నట్టు. ముంజేతిల రెండు బొక్కలు పక్కపక్కకు ఉంటయి. నడుమ సందు ఇడిసి కట్టాలె. సందు మూసుకపోతె తాళం పడ్డట్టే. పన్నెండేండ్లకు నేర్పిన ముచ్చట గది. తాత చెప్పిన మాటలు యాదికున్నయా, ఎడారిల పారేసుకున్నవా?

భూమేశ్‌ను నాకు రెండు ముక్కలు రాయుమను. రోగి నోటి మాట ఇనకుంట నేను మందు చెప్ప.

ఇంకొకటి. పక్కింటి జైనబీ లేదా, దీపావళి పోయినంక జారి పడ్డది. తుంటి ఇరిగింది. సిగ్గులేనిది, నన్ను ఇడిసిపెట్టి కరీంనగర్ దవఖానకు పోయి ఇనుప కడ్డీ ఏపిచ్చుకున్నది. ఇప్పుడు నన్ను సతాయిస్తున్నది. కింద ఎప్పుడు కూసోవచ్చు, పొద్దుగాల లేస్తె కడ్డీ దగ్గర ఎందుకు గుంజుతది, కట్టె పట్టుకోకుంట ఎన్ని దినాలకు నడువొచ్చు అని. నాకేం తెల్సు గవన్ని! గా నర్సమ్మను అడిగి రాయి. జైనబీ కోసమే.

నేను మంచిగున్న. ఈ నడుమ కుర్చీ కొనుక్కున్న. పీట మీద కూసుంటె జనం లెక్క చేస్తలేరు.

కమలవ్వ

*

రుసైల్
మార్చి 11

అత్తమ్మకు నర్సింగ్ దండాలు.

నువ్వు సందు గురించి రాసింది రెండుసార్లు చదివాను. భూమేశ్ తరఫున సిగ్గుపడ్డాను.

జరిగింది చెప్తాను. ఎక్స్‌రేలో ఎముకలు వంకరగా అతుక్కోవడం మొదలైందని తేలింది. డాక్టర్ మళ్ళీ విడదీసి, రెండు ప్లేట్లు పెట్టి, పన్నెండు మరలు బిగించాడు. నేను ఒప్పుకోలేదు. “మా అత్త దగ్గరికి పంపండి, నలభై రోజుల్లో బరువులెత్తిస్తుంది” అని వాదించాను. భూమేశే భయపడి సంతకం పెట్టాడు. ఏం చేస్తాం, ఒక్కొక్కరి గుండె ఒక్కోలా ఉంటుంది.

నువ్వడిగినట్టు వాడితో రాయించాను. కింద ఉన్నది వాడి రాతే:

“అత్తమ్మా, నేను భూమేశ్‌ను. నా కుడి చేయి రెండు చోట్ల విరిగింది. నర్సింగన్న మంచిగ సూసుకుంటున్నడు. ఇప్పుడు నొప్పి తక్కువున్నది. చేతితోని ఏ పని చేయవస్తలేదు. మా అమ్మకు చెప్పకు.”

జైనబీ సంగతి సెలీనాను అడిగాను. కింద కూర్చోవద్దట, గొంతు కూర్చోవడం అసలే వద్దట. ఎత్తు కుర్చీ వాడాలట. పొద్దున లేవగానే గుంజడం మామూలేనట, లేచేముందు పడుకునే మడమలు ఆడించాలట. కట్టె వదలడం డాక్టర్ చూసి చెప్పాలి గానీ సొంత పెత్తనం వద్దంది. “ఆవిడ చాలా వివరంగా అడిగారండీ, పుణ్యాత్మురాలు, పక్కింటి వాళ్ళ కోసం ఇంత పట్టించుకుంటారా!” అని మెచ్చుకుంది.

మార్చి బొమ్మ చూస్తే నువ్వు నవ్వుతావు. చెవులపిల్లికి తోక, చెవులు కోసేస్తే ఎలా ఉంటుందో అలాంటి చిన్న జంతువు. ఆ కొండల్లో వైద్యులు దాన్ని రోగి ఒళ్ళంతా రుద్ది, తర్వాత కోసి చూస్తారట. దానికి ఎక్కడ తేడా కనిపిస్తే రోగికి అక్కడ జబ్బు ఉన్నట్టు. ఇప్పటికీ పల్లెల్లో ఇలా చూసేవాళ్ళున్నారట. సెలీనా, “మా స్కానింగ్ మిషన్ కంటే నయం. అది పాడైతే కూర కూడా వండుకోలేం” అంది.

నీ
నర్సింగ్

*

ఎర్రగుంటపల్లె
ఏప్రిల్ 2

ఒరే నర్సింగ్!

నేను చెవిటిదాన్నే గని గుడ్డిదాన్ని గాదు.

కుడిచేయి ఇరిగి ఏ పని చేయవస్తలేదన్న భూమేశ్ ముత్యాలు కూర్చినట్టు రాసిండు. చేయి బాగున్న నువ్వు కోడి గీరినట్టు రాసినవ్. నీ కాగితం నిండ సిరా అలుక్కపోయి ఉన్నది. రాసిన అక్షరం మీదికెంచి అరచేయి గీరుకుంట పోతెనే గట్లయితది. గది ఎడమ చేత్తోని రాసేటోళ్ల కాగితం. మొదటి జాబు నాడే అనుమానమొచ్చింది. అందుకే భూమేశ్‌తోని రాపియ్యుమన్న. ఇద్దరికిద్దరు అక్కల్ లేని మొగోళ్లు దొరికిన్రు! అబద్ధమాడేటందుకు గూడ కొంచెం తెలివి కావాలె కొడుకా.

మస్కట్ల చలికి వేళ్లు కొంకర్లు పోయినయా? భూమేశ్ తల్లి చెప్పింది, వాడు జనవరిల గూడ ఫ్యాన్ ఏసుకుంటడట.

నాకు కోపం లేదంటె అబద్ధం. దవఖానకు పోయినందుకు గాదు. ప్లేట్లు ఏపిచ్చుకున్నందుకు గాదు. నీ బొక్క నువ్వే కట్టుకున్నవ్ సూడు, అందుకు. ఒంటిచేత్తోని! నడుమ సందు ఎట్ల ఇడిసిపెడ్తవ్‌రా, గుంజి పట్టేటందుకు రెండు చేతులు కావాలె గదా! కట్టేటోడు తన బొక్క తాను కట్టుకోవద్దని తాత మనకు చెప్పిన మొదటి మాట. నొప్పి ఉన్న చేయి నొప్పిని సూస్తది గని బొక్కను సూడది. గందుకే మన ఇంట్ల ఎప్పుడు ఇద్దరు ఉండాలన్నడు. తాతకు చేయి ఇరిగితె నేను కట్టిన. నాకు ఏలు ఇరిగితె మీ నాయిన కట్టిండు. మీ నాయిన పోయినంక నువ్వు. నువ్వు పోయి మస్కట్ల కూసున్నవ్.

ఎందుకు జేసినవ్ గిట్ల? నిజం రాయి. ఎడమ చేత్తోని రాసినా సరే, నిజం రాయి.

కమలవ్వ

*

రుసైల్
మే 9

అత్తమ్మా,

దండం పెడదామంటే రెండో చేయి ఇంకా సరిగ్గా కలవడం లేదు. అలాగే అనుకో.

నిజమే రాస్తాను. పడింది నేను. బంతి పట్టుకోబోయి పడ్డాను, బంతి కూడా దొరకలేదు. పడగానే చేతిలో కట్టె విరిగినట్టు చప్పుడైంది. అందరూ నా చుట్టూ చేరి, “డాక్టర్‌సాబే పడిపోయె” అని నవ్వారు. ఆ నవ్వే నన్ను ముంచింది. బొక్కల డాక్టర్ దవాఖానకు పోతే రేపు నా మంచం దగ్గరికి ఎవరొస్తారు? ఈ క్యాంపులో నేను గోడలకు రంగేసేవాణ్ణి, అంతే. ఆ పేరు ఒక్కటే నా సొంతం. అందుకని పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, మట్టలు పెట్టుకుని, కట్టు ఒక కొస నోటితో పట్టి లాక్కున్నాను. తాత మాట గుర్తు లేక కాదు. గుర్తుండీ కట్టుకున్నాను.

పది రోజులకు వేళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి. ఫోర్‌మన్ చూసి తిట్టి తోలుకుపోయాడు. డాక్టర్ నాతో ఒకే మాట అన్నాడు: “ఇంకో వారం ఆగితే చేయి నీది కాకపోయేది.” సంతకం భయపడి పెట్టింది కూడా నేనే అత్తమ్మా. వాదించలేదు. నీ పేరు కూడా ఎత్తలేదు. నిన్ను అక్కడ చిన్నబుచ్చినట్టు అవుతుందనిపించింది.

విచిత్రమేమిటంటే, పన్నెండు మరలతో రూముకి వచ్చిన మూడో రోజే వంటవాడు రహీం చీలమండ పట్టుకుని నా దగ్గరికే కుంటుకుంటూ వచ్చాడు. “అరే భాయ్, నేనే దవాఖానలో చేయించుకున్నాను” అన్నాను. “తో క్యా హువా? డాక్టర్‌కు జ్వరమొస్తే డాక్టర్‌గిరీ పోతదా?” అన్నాడు. ఆ మాట నాకు జనవరిలో తట్టి ఉంటే ఎంత బాగుండేది!

మే నెల బొమ్మ వంకరగా అతుక్కున్న తొడ ఎముక. అదీ సమాధిలోదే. చక్కగా అతికిన ఎముకలతో పాటు ఇలాంటివీ దొరికాయట. కట్టినవాడి మంచిపనీ మిగిలింది, తప్పూ మిగిలింది, పేరు మాత్రం మిగల్లేదు. ఆ బొమ్మ ముందు నిలబడి నాకు ఏడుపొచ్చింది. వందల ఏళ్ళ కిందట ఎవడో నాలాంటివాడు సరిగ్గా గుంజి పట్టలేకపోయాడు. సెలీనా చూసి, “నొప్పిగా ఉందా అన్నయ్యా?” అంది. అవునన్నాను.

చేయి ఎంత తిరుగుతుందో ఆగస్టులో తేలుతుంది. కట్టు కట్టే పని చెయ్యగలనో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక నీ వంతు. నీ ఫిబ్రవరి జాబు సెలీనాకు చదివి వినిపించాను. “ఇవన్నీ తుంటి ఆపరేషన్ అయినోళ్ళు అడిగే ప్రశ్నలండీ. పక్కింటోళ్ళకి ఇవి తట్టవు. పొద్దున లేవగానే గుంజుద్దని గుంజినోళ్ళకే తెలుసుద్ది” అంది. భూమేశ్ వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. జైనబీ నిన్న గంప నిండా బీడీలు నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు నడిచి వెళ్ళిందట. ఆమె తుంటికి ఏమీ కాలేదట.

ఎవరి తుంటి అత్తమ్మా?

నర్సింగ్

*

ఎర్రగుంటపల్లె
జూన్ 3

అల్లుడా,

నాదే.

దీపావళి అయినంక నాలుగో దినం. కోరుట్ల కెంచి ఒకామె వచ్చింది, మోచేయి జారింది. కట్టుకు గుడ్లు కావాలె. పెట్ట అటక మీద పెట్టింది. నిచ్చెన ఏసుకొని ఎక్కిన, దిగేటప్పుడు జారిన. గుడ్లు పగల్లేదు, తుంటి పగిలింది. నేను కింద పండుకోనె గామె మోచేయి కట్టి పంపిచ్చిన. గామెకు ఇప్పటికి తెల్వది.

గామె పోయినంక నా కాలు నేను తడిమి సూసుకున్న. తెలిసింది. తుంటిని కట్టుడు ఎవలతోని అయినా కష్టమే. అయినా నాకు మొదలు వచ్చిన ఆలోచన గది గాదు. “ఇప్పుడు నన్ను ఎవలు కట్టాలె?” అన్నది. నలభై ఏండ్లు ఊరందరివి కట్టిన. నాకు కట్టేటోడు ఒక్కడే ఉండె, వాడు మస్కట్ల గోడలకు రంగులు ఏస్తున్నడు. నా బొక్క నేను కట్టుకోవద్దు. మరి ఏం జెయ్యాలె? గంటసేపు అటక కింద పండి ఏడ్సిన నర్సింగ్. నొప్పికి గాదు.

తెల్లారగట్ల ఆటోల పడుకొని కరీంనగర్ పోయిన. “ఎములాడ రాజన్న గుడి దగ్గర పదకొండు దినాలు నిద్ర చేస్తున్న, మొక్కున్నది” అని ఊర్ల చెప్పిచ్చిన. కమలవ్వ దవఖానకు పోయిందంటె ఇగ నా ముంగట ఎవడు కాలు చాపుతడు? నువ్వు జేసిన తప్పే నేను జేసిన. కాకపోతె నువ్వు భూమేశ్ పేరు చెప్పినవ్, నేను రాజన్న పేరు చెప్పిన.

ఆడ గమ్మతయింది. ఆపరేషన్ చేసే డాక్టర్ కాగితం మీద నా పేరు సదివి, “ఎర్రగుంటపల్లె కమలవ్వనా?” అన్నడు. చొక్కా చేయి మీదికి మలిచి మోచేయి సూపిచ్చిండు. చిన్నప్పుడు చింతచెట్టు మీదికెంచి పడితె నేనే కట్టిన్నట. వంగిపిచ్చి, తిప్పిపిచ్చి సూసిన. సక్కగున్నది. “ఇగ కొయ్యి కొడుకా” అన్న.

వచ్చినంక కుర్చీ కొనుక్కున్న. గొంతు కూసోరాదు గదా. జనానికి ఇజ్జత్ కోసమని చెప్పిన. అప్పుడే నీకు రమ్మని రాసిన.

ఇగ అసలు ముచ్చట. నన్ను తినేస్తున్నది గిదే, ఎవలతోని చెప్పుకోలె. నువ్వు రాసిన పెరూ పుర్రెల ముచ్చట సదివినకాంచి ఎక్కువయింది. వాళ్లను మట్టిల పెట్టిన్రు, ఎప్పుడో బయట పడ్డరు. మనల్ని కాలుస్తరు. కాలిస్తె ఏం మిగలదనుకున్న. కాని మూడో దినం బూడిదల బొక్కలు ఏరుతరు గదా! ఊరంత నిలబడి సూస్తది. గప్పుడు నా బూడిదల జానెడు పొడుగు ఇనుప కడ్డీ బయట పడ్తది. “గిదేంది, ఎములాడ రాజన్న ప్రసాదమా?” అంటరు. నలభై ఏండ్ల పేరు మూడో దినం పోతది.

నువ్వు రావాలె. బొక్కలు ఏరే హక్కు నీదే. అందరి కంటె ముందుగాల పోయి గా కడ్డీ తీసి తువ్వాలల చుట్టి దాచిపెట్టు. గింత చెయ్యవా నాకు?

కమలవ్వ

*

రుసైల్
ఆగస్టు 14

అత్తమ్మకు,

నీ జాబు చేరి నెల దాటింది. నాలుగుసార్లు రాయడం మొదలుపెట్టి చింపేశాను. ఇది కుడిచేత్తో రాస్తున్నాను, చూడు. మొదటి కాగితం నీకే.

నువ్వు అటక కింద గంటసేపు పడి ఉన్నావని చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ రోజు నేనేం చేస్తున్నానో లెక్క వేసి చూశాను. ఒక ఆఫీసు మెట్ల గోడకు రెండో పూత వేస్తున్నాను. ఆ గోడ నేను లేకపోయినా ఎవడైనా పూసేవాడు. నీ పక్కన ఉండాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. క్షమించమని అడగను, నువ్వు అడిగించుకోవు. అక్టోబర్ ఇరవైన వస్తున్నాను. కాంట్రాక్టు మళ్ళీ రాసివ్వనని చెప్పేశాను.

కడ్డీ సంగతి. మంటలో కరుగుతుందేమో, అప్పుడు మన బాధే ఉండదు కదా అని సెలీనాను అడిగాను. “కట్టెల మంటకా? కరగదండి. మీ ప్లేట్లూ కరగవు” అంది. తర్వాత, “ఇంతకీ మీ అత్తగారు బాగానే ఉన్నారు కదా? అప్పుడే ఈ లెక్కలేంటండీ?” అంది. ఆమెకేం తెలుసు మన ఇంటి ముందుచూపు!

కాబట్టి మాటిస్తున్నాను. నువ్వు నూరేళ్ళు బతికిన తర్వాత, మూడో రోజు అందరికంటే ముందు నేను వెళ్తాను. తువ్వాల నా దగ్గర ఉంటుంది. ఎవరికీ కనబడనివ్వను.

చేయి సంగతి తేలింది. అరచేయి పైకి పూర్తిగా తిరుగుతుంది. కిందికి ముప్పావు వంతే. మిగతా పావు రాదని డాక్టర్ ఖరాఖండిగా చెప్పాడు. రంగు బ్రష్షుకు అది చాలు. జారిన భుజాన్ని పట్టి తిప్పడానికి చాలదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వస్తాను గానీ, పీట మీద కూర్చునేవాడిగా వస్తున్నానో లేదో తెలియదు. ఇది ముందే చెప్పాలి కదా. ఇకమీదట దాచడాలు వద్దు.

సెలీనా ఆ క్యాలెండర్ నాకు ఇచ్చేసింది. ఏడాది ముందే అయిపోయిందా అంటే, డిసెంబర్ బొమ్మ చూసి విసుగొచ్చిందట. పదకొండు నెలలు పెరూ వైద్యుల్ని పొగిడి, పన్నెండో నెలలో తమ ప్లేట్లూ మరలూ బొమ్మలేసుకున్నారు. కింద “సంప్రదాయాన్ని గౌరవిస్తాం” అని ఉంది. జనవరి పుర్రెను నీకోసం మడత పడకుండా తెస్తున్నాను.

నీ
నర్సింగ్

*

ఎర్రగుంటపల్లె
సెప్టెంబర్ 8

అల్లుడు నర్సింగ్‌కు,

తువ్వాల తేకు. అవుసరం లేదు.

మొన్న మంగళారం వాకిట్ల పది మంది ఉన్నరు. పెద్దూరు కెంచి ఒక ముసలాయన్ను మంచం మీద మోసుకొచ్చిన్రు. నడుము గూని పడ్డది, ఆర్నెల్ల సంది జ్వరం. తడిమి సూసిన. ఇరుగుడు గాదు, లోపల రోగం తింటున్నది. నువ్వు మధ్యల ఒక చీటీల రాసినవ్ గదా, పెరూ కుండ మీద గూని మనిషి బొమ్మ ఉన్నదని, గక్కడి పాత శవాల ఎన్నుపూసల్ల క్షయ దొరికిందని. గదే మనసులకొచ్చింది. “గిది కట్టుకు లొంగది. కరీంనగర్ తీస్కపోండ్రి. మూడో అంతస్తుల డాక్టర్ ఉంటడు, చేయి మంచిది. నాకు గాయననే చేసిండు” అన్న.

మాట నోరు జారి బయట పడ్డది.

గప్పుడు జైనబీ బీడీ ఆకు కత్తిరించుకుంటనే, “ఎములాడ రాజన్న డాక్టరెప్పుడయిండు కమలక్కా?” అన్నది.

అందరు నవ్విన్రు నర్సింగ్. పొట్ట పట్టుకొని నవ్విన్రు. వాళ్లందరికి మొదటి దినం కెంచే ఎరుక. నన్ను తీస్కపోయిన ఆటో జైనబీ కొడుకు నిజాముద్దీన్‌ది, గది నాకు యాదికే రాలె! పది నెలలు ఊరంత “రాజన్న దర్శనం మంచిగయిందా” అని అడుగుకుంట నాతోని నాటకమాడిన్రు. నేను ఆడుతున్నననుకున్న. జైనబీని కోప్పడిన, ఎందుకు చెప్పలేదని. “నా తుంటి ఇరిగిందని నువ్వు మస్కట్‌కు జాబు రాస్తివి. నేనేమన్న అడిగిన్నా?” అన్నది. గది గూడ ఎరుకే దానికి. భూమేశ్ తల్లి నోరు ఊకుంటదా!

“మరి దవఖానల కడ్డీ ఏపిచ్చుకున్నదాని ముంగట పది నెలల సంది కాళ్లెందుకు చాపిన్రే?” అన్న. “చేతులు ఇరగలేదు గదా నీకు” అన్నది. షరంతోని తలకాయ వంచుకున్న గని, లోపల ఎంత నిమ్మలమయిందో నీకు చెప్పలేను.

ఇగ నీ పావు చేయి ముచ్చట. నీకు ముప్పావు తిరుగుతది. నా చేతులు పూర తిరుగుతయి, కాళ్లు ఒంగయి. కింద కూసొని గుంజి పట్టేది నువ్వు, కుర్చీల కూసొని తిప్పేది నేను. పెరూల నలుగుర్ల ముగ్గురు బతికిన్రని పొగిడినవ్ గదా, మరి ముప్పావు చేయి నీకెందుకు తక్కువాయె?

భూమేశ్ తల్లికి చెప్పిన, నా కడ్డీ నువ్వు ఏరుతవని. నీ ప్లేట్లు ఎవలు ఏరుతరని అడిగింది. నాకైతె నువ్వున్నవ్. నీకు ఎవలున్నరు? గందుకని భూమేశ్ చెల్లె సింధూజను మొన్నటి కెంచి పక్కన నిలబెట్టుకుంటున్న. చేయి మెత్తగున్నది. మొదటి మాట చెప్పిన. “నీ బొక్క నువ్వు కట్టుకోవద్దు.” “మరి నాకెవలు కడ్తరు?” అన్నది. “మస్కట్ కెంచి వస్తున్నడు” అన్న.

పుర్రె బొమ్మ తే. వాకిట్ల మేకుకు తగిలిద్దాం. కింద నా కడ్డీ ఎక్స్‌రే, దాని పక్కన నీ ప్లేట్లది. అందరు సూసే కాలు చాపుతరు.

పీట తుడిచి పెట్టిన. పెట్ట మళ్ల అటక మీదనే పెడ్తున్నది. నువ్వొచ్చి గుడ్లు దించు. నిచ్చెన నేను పట్టుకుంట.

మీ అత్త
కమలవ్వ